నీడకి కుట్టు తెలుసా?

పోయిన వారం మనం కోడల్ని కంప్యూటర్ ముందు, చల్లారిపోయిన టీ కప్పు పక్కన, పైప్రాణాలు పైనే పోయిన మొహంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. టీ కూడా అక్కడే ఉంది.

సంగతి ఇదీ. పొద్దున్నపూట మందుల షాపు కౌంటర్‌లో నిలబడే కోడలు, మధ్యాహ్నం ఇంటికొచ్చాక మూడు గంటలు ఇంటర్నెట్‌లో చిన్న చిన్న పనులు చేస్తుంది. చిన్న పనులన్నానని తీసిపారేయకండి. తెర మీదికి బట్టల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎక్కడ కుట్టు ఊడింది, ఎక్కడ పోగు లాగింది, ఎక్కడ నూనె మరక పడింది చూసి, ఆ చోటు చుట్టూ మౌస్‌తో గడి గీసి, ఆ లోపం పేరు ఎంచుకోవాలి. అలాంటివి లక్షలకొద్దీ చూపించి, బట్టలో లోపం పట్టుకోవడం మెషీన్‌కి నేర్పిస్తారు. ఒక్కో ఫొటోకి వచ్చేది అడిగితే నవ్వుతారు. ఆ నవ్వొచ్చే డబ్బుతోనే కోడలు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. మొదటి టర్మ్ గట్టెక్కింది. రెండో టర్మ్ మొత్తం ఆ ఖాతా మీదే ఆధారపడి ఉంది. ఎనిమిది నెలలు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసి, నూటికి తొంభై ఆరు సరిగ్గా చెబుతుందని పేరు తెచ్చుకున్న ఖాతా అది.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. పని పంపే కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, పద్నాలుగు పరీక్ష ఫొటోలకు తప్పు జవాబులిచ్చారు. మామూలు ఫొటోల మధ్యలో, జవాబు ముందే తెలిసిన ఫొటోలు కొన్ని చడీచప్పుడు లేకుండా కలిపేసి, పనివాళ్లని అలా తూకం వేస్తుంటారన్నమాట. రెండు, మీ ఖాతాలో మరో మనిషి పనిచేస్తున్నట్టుంది, సాయంత్రం ఐదింటికి వీడియో కాల్‌లో సంజాయిషీ చెప్పండి, లేకపోతే ఖాతా మూసేస్తాం.

ఏయే వేళల్లో అనేది కూడా ఇచ్చారు. పొద్దున్న పది నుంచి పన్నెండు. ఇరవై రెండు రోజులు. ఆ వేళకి కోడలు మందుల షాపులో ఉంటుంది. ఆవిడ భర్త బస్సు డిపోలో ఏదో ఒక ఇంజిన్ కింద ఉంటాడు. ఇంట్లో ఉండేది ఒకే ఒక్కరు. అక్కడికొచ్చే పోయిన వారం మనం ఆగాం.

అత్తగారు!

ఆవిడ పక్కగదిలో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర ముప్ఫై ఒక్కేళ్లు నిలబడ్డ మనిషి. కుట్టి వచ్చిన ప్రతి బట్టనీ తిప్పి చూసి బాగుంటే ఇటు, బాగోకపోతే అటు వెయ్యడం ఆవిడ పని. ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ భూతద్దం అనేవాళ్లు, మొహం మీదే. రెండేళ్ల కిందట, చూపు మందగించిందని చెప్పి ఆ భూతద్దాన్ని ఇంటికి పంపించేశారు. మనిషి ఇంటికొచ్చిందిగానీ అలవాట్లు పోలేదు. కుర్చీ మీద కవరు అరంగుళం పక్కకి జరిగినా ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఇంట్లో ఏ తువ్వాలైనా పని అయిపోయిందనిపిస్తే, లోపలి అంచున ఎర్రదారంతో రెండు కుట్లు వేసి పక్కన పడేస్తుంది. ఎర్రదారం పడిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. పెళ్లైన కొత్తలో కోడలు తనకిష్టమైన దిండు గలీబు కోసం ఇల్లంతా వెతికి, చివరికి రెండు ఎర్ర కుట్లతో అటక మీద చూసి ఏడ్చినంత పనిచేసింది.

“అత్తయ్యా, ఒకసారి ఇలా రండి.”

“వస్తున్నా. ఈ దుప్పటి ఒక్కటీ...”

“దుప్పటి ఎక్కడికీ పోదు. ముందు మీరు రండి.”

ఆ గొంతు విని అత్తగారు వచ్చింది. వచ్చి గుమ్మంలో నిలబడి, కోడలి మొహం చూడకుండా, ముందు తెర చూసింది. అక్కడే దొరికిపోయింది. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని మనిషి గుమ్మంలోంచి తెర చదవదు కదా.

“పొద్దున్నపూట దీని ముందు ఎవరు కూర్చుంటున్నారు?”

“నేనే,” అంది అత్తగారు. తడుముకోలేదు. “అడిగితే అప్పుడే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు.”

కోడలు తెర వైపు తిరిగింది. తెర కింద అంచున తెల్లటి పొడి కనిపించింది. మూడు వారాలుగా రోజూ తుడుస్తూనే ఉంది. గోడ సున్నం రాలుతోందని భర్తతో రెండుసార్లు గొడవ కూడా పడింది. ఇప్పుడా పొడిని వేలితో తీసి చూసింది. సున్నం కాదు. బట్టల మీద గీతలు గీసే సుద్ద.

“తెర మీద సుద్దతో గీశారా!”

“మరి? ముందు గుర్తు పెట్టుకోవద్దూ? బట్ట మీద ముందు సుద్ద గీత, తర్వాతే ఏదైనా. గీత గీసి, దాని చుట్టూ నీ గడి గీసి, చెరిపేసేదాన్ని. ఒక ఫొటో గీత ఇంకో ఫొటో మీద ఉంచలేదు. అంత తెలియనిదాన్నేం కాదు.”

ఇంకో రోజైతే కోడలు కడుపుబ్బ నవ్వేది. ఈరోజు ఆవిడకి కన్నీళ్లొచ్చాయి.

“ఎనిమిది నెలలు అత్తయ్యా! ఒక్కో ఫొటో రెండుసార్లు చూసి పంపాను. ఒక ఖాతాలో ఒక్క మనిషే పని చెయ్యాలి, అది వాళ్ల మొదటి నిబంధన. ఈ ఖాతా పోతే మళ్లీ నా పేరు మీద ఇవ్వరు. వచ్చే నెల ఫీజు కట్టలేకపోతే నా చదువు అక్కడితో ఆగిపోతుంది. నాకో మాట చెప్పాలని మీకు అనిపించలేదా?”

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. నిబంధన సంగతి తనకి తెలియదని ఆవిడ అనలేదు. నిజానికి తెలియదు. కానీ దాన్ని సాకుగా పెట్టుకునే మనిషి కాదు.

“నువ్వు పుస్తకం తెరిచి దాని మీదే తలపెట్టి నిద్రపోతున్నావు. రోజూ చూస్తున్నా. పొద్దున్న కొన్ని నేను లాగించేస్తే, మధ్యాహ్నం నువ్వు చదువుకుంటావనుకున్నా. ఎనిమిది నెలలు నీ వెనక కూర్చుని చూశాను, ఆ మాత్రం రాదా?”

కోడలు తలదించుకుంది. ఎందుకంటే ఆవిడ వైపూ ఓ చిన్న దొంగతనం ఉంది. మధ్యాహ్నం కూర్చునేసరికి ఆరోజు పని సగం అయిపోయినట్టు కనిపించడం ఈ మధ్య ఆవిడ గమనించకపోలేదు. వెబ్‌సైటు లెక్క తప్పిందేమో, మనకి లాభమేగా అని నోరు మూసుకుంది. నోరు మూసుకుని, నిజంగానే చదువుకుంది. పోయిన పరీక్షలో మంచి మార్కులు రావడం వెనక సంగతి ఇప్పుడర్థమైంది.

“అదొక్కటే కాదులే,” అంది అత్తగారు. “రెండేళ్లయింది నా ముందు ఎవరైనా ఒక బట్ట పెట్టి ఎలా ఉందో చెప్పమని అడిగి. దీంట్లో చూస్తే వస్తూనే ఉన్నాయి, ఒకటి చూస్తే ఇంకోటి. ముట్టుకోకుండా ఉండలేకపోయాను తల్లీ.”

కోడలి కోపం సగం చల్లారింది. మిగతా సగం పట్టుకుని, ఆ పద్నాలుగు ఫొటోలూ తెరిచింది.

“సరే, ఇవిగో, చూడండి. ఇవన్నీ తప్పులంట. వీటిలో ఏ లోపమూ లేదని వాళ్ల జవాబు. మీరేమో అన్నిటికీ గడి గీశారు.”

తప్పు అన్న మాట వినగానే అత్తగారి మొహం వెలవెలబోయింది. ఖాతా పోతుందన్నప్పుడు కూడా అంతలా మారలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టింది. మొదటి ఫొటోలో లేత నీలం చొక్కా. చాలాసేపు చూసింది. రెండోది చూసింది. మూడోది చూశాక వెనక్కి వాలింది. ఆ మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

“ఇందులో ఏముందంట?”

“ఏమీ లేదంట. చెయ్యి దగ్గర కాస్త ముదురుగా ఉంది కదా, అది నీడంట. ఫొటో తీసేటప్పుడు పడిన నీడ.”

“నీడా?” అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. “నీడకి కుట్టు తెలుసా అమ్మాయ్?”

“అంటే?”

“నీడ పడితే ఎక్కడ పడుతుంది? దాని ఇష్టం. సగం చేతి మీద, సగం ఒంటి మీద, అడ్డదిడ్డంగా పడుతుంది. ఇక్కడ చూడు. ముదురు రంగు సరిగ్గా కుట్టు దగ్గరికొచ్చి ఆగింది. పై నుంచి కింది దాకా, దారం మందం తేడా లేకుండా. కుట్టు దాటి ఒక్క చుక్క ఇటు రాలేదు. నీడ ఇంత బుద్ధిగా ఎక్కడైనా ఆగుతుందా? ఇది నీడ కాదు. చేతులు ఒక తానులోంచి కత్తిరించారు, ఒళ్లు ఇంకో తానులోంచి కత్తిరించారు. రెండు తానులకీ రంగు విడివిడిగా వేశారు. కొత్తగా ఉన్నప్పుడు ఇంతే కనిపిస్తుంది. నాలుగు ఉతుకులు పడ్డాక చూడు, చేతులు ఎవరివో, చొక్కా ఎవరిదో అన్నట్టుంటుంది.”

కోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది. ఒకసారి కనబడ్డాక ఇక కనబడకుండా పోలేదు. పద్నాలుగు ఫొటోలు వరసగా చూసింది. పద్నాలుగింటిలోనూ రంగు కుట్టు దగ్గరే ఆగింది. జవాబులు పెట్టినవాళ్లు తప్పు. కంపెనీ తప్పు. ఈ ఫొటోలకి లోపం లేదని చెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్లంతా తప్పు. తనూ తప్పే, ఎనిమిది నెలల్లో ఇలాంటివెన్నో నీడలని వదిలేసింది. చూపు మందగించిందని ఇంటికి పంపించేసిన ఈ ఒక్క మనిషే కరెక్టు.

తొంభై ఆరు శాతం అని ఇన్నాళ్లూ మురిసిపోయిన కోడలికి అత్తగారి పక్కన తను అక్షరాలు దిద్దుకునే పిల్లలా అనిపించింది. విచిత్రం, అందుకు బాధ కలగలేదు. గర్వంగా అనిపించింది. పక్కింటివాళ్లని పిలిచి చూపించాలనిపించింది.

“ఐదింటికి, అంతా నేనే చేశానని చెప్పెయ్,” అంది అత్తగారు లేస్తూ. “నేను వంటింట్లో ఉంటా. తలుపు వేసుకుంటా, దగ్గు కూడా రానివ్వను.”

“వద్దు. మీరు ఇక్కడే కూర్చోండి.”

“ఖాతా పోతుందే పిచ్చిదానా!”

“పోతే పోనివ్వండి. ఇంత బాగా చూసిన చూపుని నాదని చెప్పుకోలేను అత్తయ్యా. ఇవాళ నాదని చెప్పేస్తే రేపు వాళ్లు ఇంకో నీడ చూపించి అడుగుతారు. అప్పుడేం చెప్పను?”

ఐదు కొట్టగానే తెర మీద పని పంపే కంపెనీ సూపర్‌వైజరు ప్రత్యక్షమయ్యాడు. చెవులకి పెద్ద హెడ్‌సెట్, కళ్ల కింద నల్లటి వలయాలు, వెనక ఉత్త గోడ. రోజంతా ఇలాంటి సంజాయిషీలే విని విసిగిపోయిన మొహం. కోడలు డొంకతిరుగుడు లేకుండా అంతా చెప్పేసింది. పొద్దున్న పనిచేసింది తను కాదని, అత్తగారని, తనకి ఈరోజే తెలిసిందని, పని సగం అయిపోయినట్టు కనిపించినా తను అడగలేదని కూడా చెప్పింది.

సూపర్‌వైజరు కాసేపు నమ్మలేనట్టు చూశాడు. ఆ సీట్లో అతనికి నిజం చెప్పేవాళ్లు తక్కువనుకుంటాను.

“చెప్పినందుకు థాంక్సండీ. కానీ ఒక ఖాతా, ఒక మనిషి. నేను చేసేదేమీ లేదు. మూసెయ్యాల్సిందే.”

“మూసెయ్యండి. మూసేముందు మీ నాలుగో పరీక్ష ఫొటో ఒక్కసారి తెరవండి. చెయ్యి కుట్టు దగ్గర పెద్దది చేసి చూడండి.”

“అది నీడండీ. మా రికార్డులో...”

“నీడకి కుట్టు తెలుసా అండీ?”

అతను ఏదో అనబోయి ఆగాడు. మౌస్ నొక్కిన చప్పుడు. మళ్లీ చప్పుడు. అతను ఐదోది తెరిచాడు, ఆరోది తెరిచాడు. పదో ఫొటో దగ్గరికొచ్చేసరికి హెడ్‌సెట్ సర్దుకుని ముందుకి వంగాడు.

“మీ అత్తగారు అక్కడున్నారా?”

అత్తగారు కెమెరా ముందుకొచ్చింది. జుట్టు సర్దుకుంది. సుద్దముక్క ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

“అమ్మా, ఇరవై ఫొటోలు పంపిస్తాను. ఇరవై నిమిషాలు టైము. నేను చూస్తుంటాను. మీ కోడలు మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. ఇరవై కరెక్టయితే ఈ ఖాతా ఉంటుంది, మీ పేరు మీద ఇంకోటి ఇప్పిస్తాను. ఆ బాధ్యత నాది. ఒక్కటి తప్పినా నా చేతిలో ఏమీ ఉండదు.”

“పందొమ్మిది సరిగ్గా చెప్పినా?”

“చెప్పినా.”

“అదే పద్ధతి,” అంది అత్తగారు. ఆ మాట ఆవిడకి నచ్చింది. “టేబుల్ దగ్గర మేమూ అంతే.”

“ఇంకోటమ్మా. తెర మీద సుద్ద వద్దు. మీ చేతిలోది నాకు కనబడుతోంది.”

కోడలు గోడవారకి జరిగి చేతులు కట్టుకుని నిలబడింది. తన రెండో టర్మ్, తన ఎనిమిది నెలలు, రేపు వేసుకుందామనుకున్న తెల్లకోటు, అన్నీ ఇప్పుడు ఆ అరవై రెండేళ్ల కళ్లలో ఉన్నాయి.

కానీ అత్తగారు పని మొదలుపెట్టాక కోడలు భయపడడం కూడా మర్చిపోయింది. వెనక కూర్చుని తనని చూసిన మనిషిని ఇన్నాళ్లకి తను వెనక నుంచి చూస్తోంది. తనైతే ఫొటో మొత్తం మీద కళ్లు పరిగెత్తించి ఏదైనా తగులుతుందేమో అని వెతుకుతుంది. అత్తగారు వెతకలేదు. ముందు కాలరు, కాలరు నుంచి భుజం, భుజం నుంచి చెయ్యి, చెయ్యి కింద నుంచి పక్క కుట్టు, అక్కడి నుంచి అంచు. ప్రతి బట్టకీ అదే దారి, అదే నడక. తొందర లేదు, ఆగడం లేదు. ఎడమ చెయ్యి గాల్లో చిన్నగా తిరుగుతోంది, బట్టని తిప్పుతున్నట్టు. ఎదురుగా బట్ట లేదన్న సంగతి ఆ చేతికి తెలియదు.

మొదటిది, గుండీ రంధ్రం చుట్టూ కుట్టు తెగింది. రెండోది, ఏమీ లేదు. మూడోది, పక్క కుట్టు ముడత. నాలుగోది రెండు తానుల గుడ్డ. ఐదోది చూసి మాత్రం “ఇది నిజంగా నీడేనయ్యా, అడ్డంగా పడింది చూడు” అంది. సూపర్‌వైజరు తెలియకుండానే నవ్వాడు. పదకొండోది అయ్యేసరికి అతను విసుగు మర్చిపోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, క్రికెట్ చూస్తున్నవాడిలా చూస్తున్నాడు. పదకొండూ కరెక్టే. పది నిమిషాలు కూడా కాలేదు.

పన్నెండోది వచ్చింది.

తిరగేసి పరిచిన చొక్కా. లోపలి వైపు ఫొటో. లేత నీలం. అత్తగారి చూపు కాలరు దగ్గర మొదలైంది, భుజానికొచ్చింది, చెయ్యి దిగింది, పక్క కుట్టు వెంట కిందికి జారింది. అంచు దగ్గర ఆగిపోయింది.

గాల్లో తిరిగే చెయ్యి కూడా ఆగిపోయింది.

ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. కోడలికి అర్థం కాలేదు. ఏమైంది, కళ్లు తిరిగాయా, నిజంగానే చూపు ఆనడం లేదా? మాట్లాడకూడదు. సైగ చెయ్యకూడదు. ఉన్నచోటే ఉండి మునివేళ్ల మీద లేచి తెర వైపు చూసింది.

చొక్కా లోపలి అంచున, ఎవరూ చూడని మూలలో, ఎర్రదారంతో వేసిన రెండు కుట్లు.

“అమ్మా, టైము నడుస్తోంది,” అన్నాడు సూపర్‌వైజరు.

“ఈ చొక్కా మీకెక్కడిది బాబూ?”

“కొన్నవాళ్లు తిప్పి పంపిన సరుకండీ. బట్టల కంపెనీ వాళ్లే ఫొటోలు తీసి పంపిస్తారు. మీరు లోపం చెప్పండి చాలు.”

“సుద్దతో గుర్తు పెడితే తుడిచేసి మంచి సరుకులో కలిపేసేవాళ్లు. అందుకని దారంతో కుట్టేదాన్ని. ఫ్యాక్టరీ మొత్తంలో అలా కుట్టేది నేనొక్కదాన్నే.” అత్తగారి గొంతు నిలకడగా ఉంది. “రెండేళ్ల కిందట నీలం చొక్కాలు పెద్ద లాటు వచ్చింది. రెండు తానుల గుడ్డ. మొత్తం పక్కన పడేశాను. అంతా శుభ్రంగా ఉంది, నీకే కళ్లు కనిపించడం లేదన్నారు. నన్ను ఇంటికి పంపింది ఈ చొక్కాల కోసమే. ఇవి అమ్మకానికి పోవలసినవి కావయ్యా. అంతా శుభ్రంగా ఉందన్నవాళ్లే, వీటిని కాల్చేశామని నాతో కాగితం మీద సంతకం పెట్టించారు.”

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అతను ఒకసారి పక్కకి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

“అమ్మా, ఆ మాట మళ్లీ అనకండి. ఈ కాల్ రికార్డవుతోంది. ఆ బట్టల కంపెనీవాళ్లు కూడా వింటారు.”

గోడవార నిలబడ్డ కోడలు వద్దని చెయ్యెత్తబోయింది. సైగ చెయ్యకూడదని గుర్తొచ్చింది. అయినా ఎత్తింది. అప్పటికే ఆలస్యమైంది. అత్తగారు కళ్లద్దాలు సరిచేసుకుని, స్టూలు ముందుకి లాక్కుని, మైకుకి దగ్గరగా వంగింది.

“వింటారా? అయితే గట్టిగానే చెబుతాను, రాసుకోమను.”